విశాఖలో లాయర్‌ని పెట్టుకోవాలంటే: మొదటిసారి ఆఫీసు మెట్లెక్కే ముందు

జగదాంబ సెంటర్‌కి దగ్గర్లో ఒక లాయరు గారి ఆఫీసులో నేను 18 ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. కోర్టు అయ్యాక, సాయంత్రం ఆరున్నర నుంచి వరండాలో బెంచీ నిండిపోయేది. మధురవాడ నుంచి, గాజువాక నుంచి, ఒక్కోసారి చోడవరం నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు. చేతిలో బట్టల షాపు సంచి, అందులో నలిగిపోయిన కాగితాలు, ముఖం నిండా టెన్షన్. గంటసేపు కూర్చుని లోపలికెళ్లిన మనిషి పది నిమిషాల్లో బయటికొచ్చి, "ఇంకేదో కాగితం పట్టుకుని మళ్లీ రమ్మన్నారు బాబూ" అనేవారు.

అలా మళ్లీ రావడానికి ఒక పూట కూలి పోతుంది, బస్సు చార్జీలు అవుతాయి. గడువు దగ్గర పడి ఉంటే ఒక్కోసారి కేసే పోతుంది. నేను లాయర్‌ని కాను. మీ కేసు గెలుస్తుందో లేదో చెప్పలేను. మొదటి రోజు ఎలా వెళ్తే మీ గోడు పూర్తిగా చేరుతుందో మాత్రం చెప్పగలను.

మొదటి పని: తేదీ చూసుకోండి

లాయర్‌ని వెతకడం కంటే ముందు చేయాల్సిన పని ఇది. మీకు నోటీసు గానీ సమన్లు గానీ వచ్చి ఉంటే, అది అందిన తేదీని దాని మీదే పెన్సిల్‌తో రాసుకోండి. కవరు పారేయకండి. కవరు మీది పోస్టు ముద్ర కూడా సాక్ష్యమే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, చట్టంలో ప్రతి దానికీ ఒక గడువు ఉంటుంది. చెక్కు బౌన్స్ అయితే, ఆ సంగతి బ్యాంకు నుంచి మీకు తెలిసిన 30 రోజుల్లోగా అవతలి మనిషికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి అతనికి 15 రోజులు ఉంటాయి. అవి దాటాక నెలలోపు మీరు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన అప్పుకి సాధారణంగా మూడేళ్లు. వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లు. మీ మీద సివిల్ దావా పడితే సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల వరకు సాగుతుంది. సమన్లలో రమ్మన్న రోజు మీ తరఫున ఎవరూ హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ చేసేస్తారు, అంటే మీ మాట వినకుండానే కేసు నడిచిపోతుంది.

ఒకసారి గాజువాక నుంచి సిమెంటు, ఇనుము సరఫరా చేసే ఒకాయన చెక్కు పట్టుకుని వచ్చారు. చెక్కు తిరిగొచ్చి రెండు నెలలు దాటింది. "వచ్చేవారం ఇస్తానన్నాడండీ, మంచివాడేనండీ" అంటూ ఆగిపోయారు. మళ్లీ బ్యాంకులో వేద్దామంటే చెక్కు మూడు నెలల చెల్లుబాటు కూడా అయిపోయింది. ఇక క్రిమినల్ కేసు దారి మూసుకుపోయి, కోర్టు ఫీజు కట్టి డబ్బు కోసం సివిల్ దావా వేయాల్సి వచ్చింది. ఎదుటివాడి మంచితనాన్ని నమ్మండి, తప్పులేదు. కానీ గడువు లెక్క పక్కన పెట్టకండి.

రెండో పని: మీ గొడవ ఏ గుమ్మం దగ్గరిదో తెలుసుకోండి

లాయర్లందరూ అన్ని కోర్టులకీ వెళ్లరు. భూమి గొడవ అయితే భూమి ఎక్కడుందో అక్కడి కోర్టే. భీమిలి వైపు స్థలానికి భీమునిపట్నం కోర్టు, గాజువాక వైపు దానికి గాజువాక కోర్టు కావచ్చు. విలువ ఎక్కువైతే నగరంలోని పై కోర్టుకి వస్తుంది. విడాకులు, మనోవర్తి, పిల్లల కస్టడీ ఫ్యామిలీ కోర్టులో. ఇల్లు బ్యాంకు వేలం వేస్తోందంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్, అదీ విశాఖలోనే ఉంది. ఉద్యోగంలోంచి తీసేశారంటే లేబర్ కోర్టు లేదా పారిశ్రామిక ట్రిబ్యునల్.

ప్రభుత్వ ఆఫీసు ఇచ్చిన ఉత్తర్వు మీద రిట్ (దాన్ని సవాలు చేసే పిటిషన్) వేయాలంటే మాత్రం హైకోర్టు. అది 2019 నుంచి అమరావతిలో నడుస్తోంది. అలాంటప్పుడు విశాఖ లాయరు గారు అక్కడ తమకు తెలిసిన వాళ్లకి అప్పగిస్తారు. ఆ ఫీజు వేరు. ముందే అడగండి.

ఇంకో సంగతి. సబ్బవరం, పరవాడ వైపు భూములకి 2022 ఏప్రిల్ నుంచి కలెక్టరేట్ అనకాపల్లిలో ఉంది. పాత అలవాటుతో విశాఖ కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకున్న వాళ్లని చూశాను.

మూడో పని: మనిషిని వెతకడం

లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. కాబట్టి "మేమే నంబర్ వన్" అని ఎక్కడైనా కనపడితే దాన్ని చూసి పరుగెత్తకండి. కోర్టు గేటు దగ్గర "ఏం కేసు సార్, మంచి లాయరున్నారు" అని పట్టుకునే వాళ్లనీ నమ్మకండి. వాళ్ల కమిషన్ మీ ఫీజులోంచే వెళ్తుంది.

మరి ఎవరిని అడగాలి? కేసు నడుస్తున్న వాళ్ల కంటే కేసు పూర్తయిన వాళ్లని అడగండి. "ఫోనెత్తుతారా? వాయిదాకి ఆయనే వస్తారా, జూనియర్‌ని పంపుతారా? మొదట చెప్పిన ఫీజుకీ చివరికి అయినదానికీ ఎంత తేడా వచ్చింది?" ఈ మూడూ అడిగితే చాలు. గెలిచారా ఓడారా అన్నది తర్వాత. ఓడిపోయి కూడా తన లాయర్‌ని మెచ్చుకునే మనిషి దొరికితే ఆ పేరు తప్పకుండా రాసుకోండి.

ఇంకో మంచి దారి ఉంది, ఎవరూ వాడుకోరు. మామూలుగా కోర్టు హాలులోకి ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. ఫోను సైలెంట్‌లో పెట్టుకుని ఒక ఉదయం పదిన్నర నుంచి భోజనం వేళ దాకా కూర్చోండి. ఎవరు ఫైలు చదువుకుని వచ్చారో, ఎవరు ఊరికే వాయిదా అడుగుతున్నారో మీకే తెలిసిపోతుంది. కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ యాప్‌లో లాయరు పేరుతో వెతికితే ఆయన ఎలాంటి కేసులు చేస్తున్నారో కూడా కొంత కనపడుతుంది. ఎన్‌రోల్‌మెంట్ నంబరు, అంటే బార్ కౌన్సిల్‌లో ఆయన పేరు నమోదైన నంబరు అడగడానికి మొహమాటపడకండి. రాష్ట్రం గుర్తు, నంబరు, సంవత్సరం ఉంటాయి అందులో. మంచి లాయరు దానికి నొచ్చుకోరు.

ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకి ఒక మాట. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేదు. మిగతా వాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. భర్త ఇంటి నుంచి గెంటేస్తే నగలు తాకట్టు పెట్టి ఫీజు తెచ్చిన అమ్మాయిలని నేను చూశాను. ఈ నంబరు వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మీకు తెలిసిన వాళ్లకి చెప్పండి.

నాలుగో పని: కాగితాలు

ఇక్కడే అసలు శ్రమంతా ఉంది. రెండు రోజులు కేటాయించండి.

విశాఖలో ఎక్కువగా వచ్చేవి స్థలాల గొడవలే కాబట్టి వాటితో మొదలుపెడతాను. రిజిస్టర్డ్ దస్తావేజు ఒక్కటే తెస్తే సరిపోదు. అమ్మిన మనిషికి అది ఎలా వచ్చిందో చెప్పే లింక్ డాక్యుమెంట్లు కావాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం తీయించండి. బాగా పాత లావాదేవీలు ఆన్‌లైన్‌లో కనపడకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. పొలం అయితే 1బి, అడంగల్ (భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డులు). ఇల్లయితే జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ప్లాను. లేఅవుట్‌లో ప్లాటు అయితే లేఅవుట్ ఆర్డరు. అది పాతదైతే వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) పేరుతో ఉంటుంది, 2018లో వుడా వీఎంఆర్‌డీఏ అయింది కాబట్టి కంగారుపడకండి. స్థలం ఎవరి స్వాధీనంలో ఉందో చూపించే ఫొటోలు తీయండి. నాలుగు వైపులా తీయండి, పక్క ఇల్లు కూడా కనపడేలా.

ఆ స్థలం రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అంటే 22-ఎలో ఉందేమో చూసుకోండి. అడవివరం, వేపగుంట వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, సింహాచలం దేవస్థానానికీ ఐదు ఊళ్ల వాళ్లకీ మధ్య ఉన్న పంచగ్రామాల భూముల గొడవ వాళ్లు ఏళ్ల తరబడి మోస్తున్నదే. డీ-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి కొని ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. అసైన్డ్ భూముల బదిలీకి 1977 నుంచే నిషేధ చట్టం ఉంది. లాయరు ఆలోచించే తీరే అక్కడ మారిపోతుంది. స్టీల్ ప్లాంటు నిర్వాసితుల కుటుంబం అయితే ఆర్ కార్డు (పునరావాస కార్డు) కాపీ కూడా పెట్టండి.

అప్పుల కేసుకి నోటు, చెక్కు, బ్యాంకు స్టేట్‌మెంటు. కుటుంబ కేసుకి పెళ్లి శుభలేఖ, ఫొటోలు, పిల్లల స్కూలు ఫీజు రసీదులు, ఇద్దరి జీతాల వివరాలు. పోలీసు కేసైతే ఎఫ్ఐఆర్ కాపీ. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి దాన్ని ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌కి రమ్మని మీకు నోటీసు ఇచ్చి ఉంటే అది తప్పనిసరి. ఇంకా, పోలీసు కేసులో ఈ గైడు చదువుతూ రెండు రోజులు కూర్చోకండి. కాగితాలు దొరికినన్ని పట్టుకుని ఈ పూటే వెళ్లండి.

వాట్సాప్ మెసేజీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్క్రీన్‌షాట్లు తీసి అసలు చాట్ తీసేసే వాళ్లు చాలామంది. అలా చేయకండి. ఆ ఫోను మార్చకండి, అమ్మకండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జత చేయాలి. అది ఏ ఫోనులోదో, ఎలా తీశారో అందులో చెప్పాలి. అసలు ఫోను ఉంటే ఆ పని తేలిక.

అన్నీ తేదీ ప్రకారం పేర్చండి. పైన కుడి మూల పెన్సిల్‌తో 1, 2, 3 అని అంకెలు వేయండి. రెండు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒరిజినల్స్ చూపించడానికి తీసుకెళ్లండి, కానీ ఆ రోజే వెనక్కి తెచ్చుకోండి. కోర్టులో వేయడానికి ఒరిజినల్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఏమేం ఇచ్చారో ఒక కాగితం మీద రాసి ఆఫీసులో సంతకం తీసుకోండి. మా లాయరు గారు అడక్కుండానే రాసిచ్చేవారు. అందరూ అలా ఉండరు.

ఐదో పని: ఒక్క పేజీ రాసుకోండి

మీ కథ మీకు గుండెలో ఉంది. లాయరుకి అది తేదీల వరసలో కావాలి. తెల్లకాగితం మీద, మీకొచ్చిన తెలుగులోనే, ఇలా రాయండి. ఇది ఊహించి రాసిన నమూనా:

2009 మే: నాన్నగారు పెందుర్తి దగ్గర డాబా ఇల్లు కొన్నారు. రిజిస్టర్ అయింది. కాగితం 1.
2017 ఆగస్టు: నాన్నగారు పోయారు. వీలునామా లేదు. కాగితం 3, మరణ ధ్రువపత్రం. కాగితం 4, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్.
2018: ఇంటి పన్ను అన్నయ్య పేరు మీదకి మారింది. నాకు చెప్పలేదు. కాగితం 5.
2019 సంక్రాంతి: అన్నయ్య 2 లక్షలు ఇచ్చి ఒక కాగితం మీద నా సంతకం తీసుకున్నారు. కాపీ నా దగ్గర లేదు.
2024 డిసెంబరు: ఇల్లు అమ్మకానికి పెట్టారని పక్కింటివాళ్లు చెప్పారు.

కింద ఒక గీత గీసి, "నాకు కావాల్సింది" అని రాయండి. నా వాటా కావాలా? డబ్బు రూపంలో ఇచ్చినా సరేనా? ముందు అమ్మకం ఆగితే చాలా? ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇంట్లో కూర్చుని ఆలోచించండి. బెంచీ మీద కూర్చున్న చాలామందిని "ఏం కావాలమ్మా మీకు?" అని అడిగితే, "వాడికి బుద్ధి రావాలి" అనేవాళ్లు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ కోర్టు వాటా పంచగలదు, అమ్మకాన్ని ఆపగలదు, డబ్బు ఇప్పించగలదు. బుద్ధి చెప్పమని దావా వేయలేం.

దాచకండి

పైన నమూనాలో సంక్రాంతి నాటి సంతకం గురించిన వాక్యం చూశారా? నిజం కేసుల్లో జనం వదిలేసేది సరిగ్గా ఆ వాక్యమే. సిగ్గుతోనో, "అది చెబితే కేసు తీసుకోరేమో" అన్న భయంతోనో.

మా ఆఫీసుకి ఒక తమ్ముడు ఇలాగే వచ్చారు. అన్నదమ్ముల పంపకం. అన్నీ చెప్పారు, పెద్దమనుషుల దగ్గర రాసుకున్న ఒప్పంద కాగితం సంగతి తప్ప. నాలుగేళ్లు నడిచింది కేసు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు ఆ కాగితం తీసి, "ఈ సంతకం మీదేనా?" అని అడిగారు. మా లాయరు గారు ఆ కాగితాన్ని మొదటిసారి చూడటం అక్కడే. మొదటి రోజే చెప్పి ఉంటే దాని మీద వాదన ఉండేది. అది రిజిస్టర్ కాలేదు, ఏ పరిస్థితిలో సంతకం పెట్టారో చెప్పుకోవచ్చు, అసలు దావానే వేరేగా రాసుకోవచ్చు. బోనులో నిలబడ్డాక అవేవీ కుదరవు. అంతకుముందు ఆయన చెప్పిన నిజాలు కూడా అబద్ధాల్లా కనపడ్డాయి. ఆ సాయంత్రం ఆఫీసులో ఆయన ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీరు లాయరుకి చెప్పిన మాటని మీ అనుమతి లేకుండా ఆయన బయటపెట్టకూడదు. ఇదివరకు ఎవిడెన్స్ యాక్ట్‌లో 126వ సెక్షన్, ఇప్పుడు దాని చోట వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తున్నాయి. మీరు ఫీజు కట్టి చేరిన రోజుకే కాదు, ఆ హోదాలో ఆయన్ని సలహా అడగడానికి వెళ్లి చెప్పిన దానికీ ఆ భద్రత ఉంటుంది. చేయబోయే నేరానికి సాయం అడిగితే మాత్రం వర్తించదు. కాబట్టి జరిగిపోయినది ఏదైనా చెప్పండి. మీకు వ్యతిరేకంగా ఉన్నదే ముందు చెప్పండి.

అందుకే తోడుగా పదిమందిని తీసుకెళ్లొద్దు. ఒక్కరు చాలు. బావగారి ముందు, ఊరి పెద్ద ముందు నోరు పెగలని మాటలు ఉంటాయి. వాళ్లని వరండాలో కూర్చోమని చెప్పి మీరొక్కరే లోపలికి వెళ్లండి.

ఆ సాయంత్రం

పగలు లాయర్లు కోర్టులో ఉంటారు, కాబట్టి ముందు ఆఫీసుకి ఫోన్ చేసి గుమాస్తానో జూనియర్‌నో టైమ్ అడగండి. సలహాకి ఫీజు ఉందా, ఎంత అన్నది కూడా ఆ ఫోన్‌లోనే అడిగేయండి. మీ లాయరు ఇదివరకే అవతలి వాళ్ల తరఫున పనిచేశారేమో తెలియాలి కాబట్టి వాళ్ల పేరు కూడా అప్పుడే చెప్పండి.

లోపలికి వెళ్లగానే ఆ ఒక్క పేజీ ముందు పెట్టండి. చదవనివ్వండి. అడిగినదానికి జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. తర్వాత మీరు అడగాల్సినవి అడగండి. నా కేసులో బలహీనమైన చోటు ఏది? కోర్టుకి వెళ్లకుండా నోటీసుతోనో, మధ్యవర్తిత్వంతోనో, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లోనో తేలే వీలుందా? లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, పైన అప్పీలు ఉండదు. వాయిదాలకి మీరు వస్తారా? నేను ఎన్నిసార్లు రావాలి?

బలహీనత చెప్పిన లాయర్‌ని చూసి భయపడకండి. ఆయన మీ కాగితాలు చదివారన్నమాట. "గ్యారంటీగా గెలుస్తాం" అన్నవారి దగ్గర, "జడ్జి గారు మాకు తెలుసు" అన్నవారి దగ్గర మాత్రం నమస్కారం పెట్టి లేచి వచ్చేయండి.

ఫీజు, వకాల్తా

కొందరు కేసు మొత్తానికి మాట్లాడుకుంటారు, కొందరు దశల వారీగా, కొందరు వాయిదాకి ఇంత అని. ఏదైనా ఫర్వాలేదు, ఒక కాగితం మీద రాయించుకోండి. కోర్టు ఫీజు, టైపు, ప్రాసెస్ (సమన్లు పంపే ఖర్చు), సర్టిఫైడ్ కాపీలు, కమిషనర్ (స్థలం చూసి రమ్మని కోర్టు పంపే మనిషి) ఫీజు లాయరు ఫీజులో కలిసి ఉన్నాయా వేరా అన్నది అడగండి. గొడవలు వచ్చేది ఎక్కువగా అక్కడే. బ్యాంకు ద్వారానో, యూపీఐలోనో కట్టండి, నగదు అయితే రసీదు తీసుకోండి. గెలిస్తే ఆస్తిలో ఇంత వాటా అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. అలా ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి.

వకాల్తా అంటే మీ తరఫున కోర్టులో నిలబడే అధికారం లాయరుకి ఇచ్చే కాగితం. దాని మీద సంతకం పెట్టేముందు చదవండి. కొత్త కేసులో నంబరు గడి ఖాళీగా ఉండటం మామూలే, అప్పటికి నంబరు పడదు కదా. పేర్లు మాత్రం నింపి ఉండాలి. మీ తరఫున రాజీపడే అధికారం అందులో ఉందేమో అడిగి తెలుసుకోండి. ఖాళీ స్టాంపు పేపర్ల మీద, ఖాళీ చెక్కుల మీద ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దు.

మొదటి రోజే చేరిపోవాలని లేదు. "ఇంట్లో మాట్లాడి రెండ్రోజుల్లో చెబుతానండి" అనొచ్చు. గడువు ఉంటే ఇంకొకరి దగ్గరా సలహా తీసుకోండి.

చేరాక

కేసు ఫైలు అయ్యాక దానికంటూ విడిగా, అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు వస్తుంది. అది అడిగి రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో, నిన్న ఏం జరిగిందో మీకే కనపడుతుంది. ప్రతి చిన్నదానికీ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరో చెప్పింది నమ్మక్కర్లేదు.

లాయర్‌ని మార్చుకోవాలనిపిస్తే ఆ హక్కు మీది. పాతవారి దగ్గర ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని కొత్త వకాల్తా వేస్తారు. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. న్యాయంగా రావాల్సిన ఫీజు ఉంటే మాత్రం ఇచ్చేయండి. నిజంగా మోసం జరిగితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగకండి.

వాయిదా ముందు రోజు సాయంత్రం ఆఫీసులో బాగా రద్దీగా ఉంటుంది. కొత్త కాగితం దొరికిందనో, కొత్త విషయం గుర్తొచ్చిందనో ఆ రోజు వెళ్తే ఎవరూ నిదానంగా వినలేరు. కనీసం వారం ముందు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ ఒక్క పేజీలో కింద ఇంకో వరస రాసుకుని వెళ్లండి.